బీపీ అంటే కోపం కాదు

సంపాదకులకు,

అయ్యా,

‘నాకు బీపీ తెప్పించవద్దు’ అనే మాట మా కావలిలో ఆటోస్టాండు మొదలుకొని పెళ్లిపందిరి దాకా వినిపిస్తున్నది. నేతలు మండిపడితే ‘పెరిగిన బీపీ’ అని పత్రికలూ శీర్షిక పెడుతున్నాయి. వాడుకను ఎవరూ ఆపలేరు. అయితే కోపానికి ఆ పేరు పెట్టుకున్నాక, కోపం రానివారికి బీపీ ఉండదన్న నమ్మకం కూడా దాని వెంటే వచ్చి కూర్చున్నది.

మా వీధిలో కిరాణాకొట్టు పెద్దాయన ఎంతో నెమ్మదస్తుడు. అప్పు ఎగ్గొట్టినవారినీ నవ్వుతూనే పలకరిస్తారు. పోయిన నెల వైద్యశిబిరంలో రెండుసార్లు చూసినా ఆయనకు 170/100 వచ్చింది. ‘నాలో ఎప్పుడైనా బీపీ చూశారా అయ్యవారూ? ఆ మిషనే చెడిపోయుంటుంది’ అన్నారు. వాళ్లిచ్చిన బిళ్ళల అట్ట ఒక్కటీ చించకుండా చిల్లరడబ్బా వెనక పడి ఉండగా నేను చూశాను.

నిజానికి బీపీ అన్నది జబ్బు పేరే కాదు. రక్తనాళాల గోడలపై రక్తం చూపే ఒత్తిడి అది. బతికున్న ప్రతివారికీ ఉంటుంది. గుండె ముడుచుకున్నప్పటి కొలత పై అంకె, సడలినప్పటిది కింది అంకె. వేర్వేరు రోజుల్లో చూసినా పైది 140 గానీ కిందిది 90 గానీ, అంతకు మించి గానీ ఉంటే అప్పుడది అధిక రక్తపోటు. కోపంతో పెరిగిన అంకె కాసేపటికి దిగివస్తుంది. జబ్బుగా మారినది మాత్రం మనిషి నవ్వుతూ కూర్చున్నా దిగకుండా, ఏళ్ల తరబడి గుండెను, మెదడును, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

‘రక్తపోటు’ అన్న మాట కొంత మేలు. ఆటుపోట్లలోని పోటు అంటే ఏమిటో మైపాడు, కొత్తపట్నం సముద్రతీరంవారికి వేరే చెప్పనక్కరలేదు. కాకపోతే తలపోటు కూడా మన మాటే కావడంతో, తల నొవ్వకపోతే రక్తపోటు లేనట్లేనని బిళ్ళలు మానేసేవారున్నారు. చాలామందిలో అసలు ఏ లక్షణమూ కనిపించదు.

‘లోబీపీ’ సంగతి మరీ విచిత్రం. కళ్లు తిరిగితే చాలు, కొలిపించకుండానే ఉప్పు దండిగా కలిపిన మజ్జిగ తాగిస్తారు. రోజుకు 5 గ్రాములలోపే ఉప్పు వాడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఉప్పుచేపలు, ఊరగాయలు మరిగిన మనకు అది ఎప్పుడో దాటిపోయి ఉంటుంది.

కనుక మీ ఆరోగ్య పుటలో ‘బీపీ ఉన్నవారు’ అనే చోట ‘అధిక రక్తపోటు ఉన్నవారు’ అని ముద్రించవలసిందిగా మనవి. నాయకుల సంగతికి ‘మండిపడ్డారు’ అన్న మాట ఎలాగూ ఉన్నది.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
కావలి, నెల్లూరు జిల్లా.