సెట్టును సెట్టు అని రాయండి

సంపాదకులకు నమస్కారం.

మూడు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో చైనా యాత్ర మీద వచ్చిన పేజీ గురించి ఈ ఉత్తరం. చదివిన రోజే రాయాల్సింది. షాపులో సీజన్ బేరాల వల్ల కుదరలేదు. ఈలోపు మీరే సవరణ వేస్తారని రోజూ చూశాను, రాలేదు. ఫోన్ చేస్తే అవతల ఎవరో అబ్బాయి ‘చూస్తామండీ’ అని పెట్టేశాడు.

పేజీలో సగం నిండిన ఆ పెద్ద ఫొటో కింద బీజింగ్‌లోని నిషిద్ధ నగరం అని, ఆరు వందల ఏళ్ల నాటి కోట అని వేశారు. అది బీజింగ్ కాదు. జేజియాంగ్ ప్రావిన్స్‌లో డోంగ్‌యాంగ్ దగ్గరున్న హెంగ్‌డియెన్ అనే ఊళ్లో సినిమాల కోసం కట్టిన సెట్టు. బీజింగ్‌కి వెయ్యి కిలోమీటర్ల పైనే దూరం. మీ ఫొటోలోనే ఎడమ మూల చూడండి. మెట్ల పక్కన షూటింగ్ లైటు స్టాండు, అది పడిపోకుండా కాళ్ల మీద వేసిన ఇసుక బస్తా కనిపిస్తున్నాయి. ఆ పక్కన సైనికుడి వేషంలో ఉన్నతని చేతిలో సెల్‌ఫోన్ ఉంది. పేజీ పెట్టినవాళ్లు, దిద్దినవాళ్లు ఇంతమందిలో ఒక్కరి కన్నూ ఆ మూలకి పోలేదా?

నేను ఫ్యాన్సీ సామాన్ల వ్యాపారం చేస్తాను. సరుకు కోసం చైనాలోని యీవూ మార్కెట్‌కి వెళ్తుంటాను. అక్కడికి గంట ప్రయాణంలోనే హెంగ్‌డియెన్. ఒకసారి సరుకు ప్యాకింగ్ ఆలస్యమై ఒక రోజు ఖాళీ దొరికితే వెళ్లాను. తర్వాత ఇంకో రెండుసార్లు కావాలనే వెళ్లాను. ఒకప్పుడు అది మామూలు పల్లెటూరు. 1975లో షూ వెన్‌రొంగ్ అనే రైతు బిడ్డ అక్కడ పట్టు మిల్లు పెట్టాడు. 1996లో షియె జిన్ అనే దర్శకుడు, నల్లమందు వ్యాపారం కోసం బ్రిటన్ చైనాతో చేసిన నల్లమందు యుద్ధం మీద సినిమా తీస్తూ సెట్టుకి చోటు వెతుకుతుంటే, షూ ముందుకొచ్చి కొండ తొలిపించి 19వ శతాబ్దపు గ్వాంగ్‌జౌ వీధిని కొద్ది నెలల్లో కట్టించి ఇచ్చాడు. హాంకాంగ్ తిరిగి చైనాకు దక్కిన 1997లో ఆ సినిమా విడుదలైంది. ఆ వీధిలో నిలబడితే మన సంగతి గుర్తుకు రాక మానదు. ఆ నల్లమందులో పెద్ద భాగం బీహార్, బనారస్ ప్రాంతాల్లో మన రైతుల చేత ఈస్టిండియా కంపెనీవాళ్లు పండించి అమ్మితే, కలకత్తా రేవు నుంచి పోయిందే. మీ పేజీలో అసలు రాయాల్సిన కథ అది. 2025 అక్టోబరులో కలకత్తా నుంచి గ్వాంగ్‌జౌకి నేరు విమానం మళ్లీ మొదలైంది కాబట్టి చైనా మీద పేజీ వేశామని రాశారు. కలకత్తా, గ్వాంగ్‌జౌ అన్న రెండు పేర్లూ మీ కళ్ల ముందే ఉన్నాయి. అయినా ఎవరికీ తట్టలేదు.

1997లో చెన్ కైగ అనే దర్శకుడి సినిమా కోసం చైనా తొలి చక్రవర్తి అయిన చిన్ చక్రవర్తి కోట కట్టారు. అసలు కోట క్రీ.పూ. 206లోనే తగలబడిపోయింది. కాబట్టి కళ్లారా చూడాలంటే ఇలాంటి సెట్టే గతి. ఆ మెట్లు ఎక్కుతుంటే నిజంగా ఒళ్లు గగుర్పొడిచింది. ఆ తర్వాత నిషిద్ధ నగరాన్ని పోలిన మింగ్, చింగ్ వంశాల రాజభవనాలు కట్టారు. మీరు వేసిన ఫొటో అదే. 2000 నుంచి షూటింగులకు సెట్ల అద్దె తీసుకోవడం మానేశారు. హోటళ్లు, దుస్తులు, సామాన్ల అద్దె, మాలాంటివాళ్లు కొనే టికెట్ల మీద నడుపుతున్నారు.

తలుపుల మీది నగిషీని దగ్గరగా చూశాను. మెలికలు తిరిగిన తీగ, దాని మీద వేలి గోరంత పువ్వు, పువ్వు వెనక మళ్లీ ఖాళీ తొలిచి ఇంకో ఆకు. డోంగ్‌యాంగ్ అంటేనే చైనాలో కొయ్య చెక్కడానికి పేరు. చింగ్ చక్రవర్తుల కాలంలో బీజింగ్ రాజభవనాల పనికి ఇక్కడి వడ్రంగులను కూడా పిలిపించారు. అప్పుడు అసలుకి పనిచేసిన ఊరివాళ్లే ఇప్పుడు నకలు దగ్గర ఉన్నారు. ఆ ఊరి పేరు మీరు తీసేసి ఇంకో ఊరి పేరు పెట్టారు. నాకు కడుపు మండింది అక్కడే.

అక్కడ మెట్ల మీద ఒక కుర్రాడు సైనికుడి వేషంలోనే కూర్చుని డబ్బాలో అన్నం తింటున్నాడు. శిరస్త్రాణం తిరగేసి పక్కన పెట్టుకున్నాడు, అందులో ఫోన్ ఆనించి ఏదో వీడియో చూస్తున్నాడు. ఫోన్‌లో అనువాదం పెట్టుకుని మాట్లాడుకున్నాం. పొద్దుటి నుంచి మూడుసార్లు చచ్చిపోయే వేషం వేశాడట. అలాంటివాళ్లను ‘హెంగ్‌ప్యావ్’ అంటారు, హెంగ్‌డియెన్‌కి కొట్టుకొచ్చినవాళ్లని అర్థం. మన కృష్ణానగర్‌లో వేషాల కోసం ఎదురుచూసేవాళ్లే నాకు కళ్ల ముందు మెదిలారు.

హెంగ్‌డియెన్ మొదలైన 1996లోనే మన రామోజీ ఫిల్మ్ సిటీ కూడా మొదలైంది. అక్కడి రైల్వేస్టేషన్ సెట్టు ఫొటో వేసి ఇది సికింద్రాబాద్ స్టేషన్ అని ఏ పేపరైనా రాస్తే మనం ఊరుకుంటామా? పొరుగు దేశం కాబట్టి ఏం రాసినా చెల్లుతుందా?

నా కోపానికి ఇంకో కారణం ఉంది. మా మనవరాలు ఆరో తరగతి. స్కూలు ప్రాజెక్టు కోసం మీ ఫొటో కత్తిరించి చార్టుకి అంటించి, కింద మీ వాక్యాన్నే స్కెచ్ పెన్నుతో రాసింది. తప్పని చెబితే ‘పేపర్లో ఉంది కదా తాతయ్యా’ అంది. టీచరు కూడా టిక్కు పెట్టేసింది. నా చిన్నప్పుడు మా నాన్నగారు పేపరు చదివించి భాష నేర్పారు. ఈరోజుకీ గ్రూప్స్‌కి చదివే పిల్లలు పేపరు కటింగులు దాచుకుంటారు. ఆ నమ్మకాన్ని మీరు ఇలా చూసుకుంటే ఎలా? ఇంటర్నెట్‌లో దొరికిన ఫొటో, దొరికిన నాలుగు ముక్కలు దింపేయడమే పనైపోయింది. ఆ ఊరికి వెళ్లినవాళ్లు మన విజయవాడలోనే వందల మంది ఉన్నారు, ఒక్క ఫోన్ చేస్తే చెప్పేవాళ్లం.

ఒక్క పేపర్లనే అని లాభం లేదు. మా వైపు ఒక పాత కోట దగ్గర బోర్డు మీద కట్టించిన రాజు కాలమే తప్పు పడింది. ఆధారాలతో రెండుసార్లు అర్జీ ఇచ్చాను. బోర్డుకి రంగు వేశారు, తప్పు అలాగే ఉంది. ఎవరు అడుగుతారులే అన్న ధైర్యం.

సవరణ వేయండి. లోపలి పేజీలో రెండు లైన్లు కాదు, అదే ఆదివారం పేజీలో, అదే ఫొటోతో, హెంగ్‌డియెన్ పేరు పెట్టి. నేను తీసిన ఫొటోలు నా దగ్గర నలభై దాకా ఉన్నాయి, అడిగితే ఊరికే పంపుతాను. సవరణ వచ్చిన పేజీని మా పిల్ల చార్టు మీద పాత దాని స్థానంలో అంటించుకుంటుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
వన్‌టౌన్, విజయవాడ