వాలంటీర్ల జాబితా జబ్బు రాకముందే ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

అంటువ్యాధి నగరం మీద పడిన ప్రతిసారీ వాలంటీర్లు కావాలని అప్పటికప్పుడు పిలుపునిస్తారు. మనుషులు రాక పని ఆగడం అరుదు. 2020 మార్చిలో ఇంగ్లండ్‌లో ఆరోగ్య సేవల కోసం 2.5 లక్షల మంది కావాలంటే, కొద్ది రోజుల్లోనే 7.5 లక్షల మంది పేర్లిచ్చారు. నమోదు ఆపాల్సి వచ్చింది. తీరా చూస్తే వాళ్లలో చాలామందికి మొదటి వారాల్లో పనే చెప్పలేదు. కొరవడింది ఏర్పాటు.

మన దగ్గర 2021లో కరోనా రెండో వేవ్‌ అప్పుడు ఇది ఇంకో రూపంలో కనిపించింది. వాట్సాప్‌లో తిరిగే జాబితాల్లోని బెడ్లు, ఆక్సిజన్ సిలిండర్ల నంబర్లు చాలావరకు పనిచేసేవి కావు. నాలాంటి వాళ్లం ఒక్కో నంబరుకీ ఫోన్ చేసి, ఎత్తారా లేదా, బెడ్ ఉందా లేదా, ఏ టైమ్‌కి అడిగాం అన్నది రాసి మళ్లీ పంపేవాళ్లం. కాసేపటికే అదీ పాతబడేది. ఒకే ఆసుపత్రికి ఎన్నో గ్రూపుల నుంచి ఫోన్లు. రోగిని చూడాలా, ఫోనెత్తాలా అని అక్కడి సిబ్బందికి టెన్షన్. ఆ ఫోన్ల వల్ల బెడ్ దొరికినవాళ్లూ ఉన్నారు, కాదనను. కానీ అందరం ఒకే కంట్రోల్ రూమ్ కింద పనిచేసి ఉంటే అంత శ్రమా మందులు, భోజనం చేర్చడానికి ఉపయోగపడేది.

అంతకంటే నన్ను బాధించేది సేవ చేసేవాళ్ల ప్రాణాల సంగతి. 1897లో పుణెలో ప్లేగు రోగులకు సేవ చేస్తూ సావిత్రీబాయి ఫూలే అదే జబ్బుతో కన్నుమూశారు. 1793లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఎల్లో ఫీవర్ ప్రబలినప్పుడు, నల్లజాతివాళ్లకు ఆ జ్వరం సోకదని చెప్పి వాళ్లను సాయానికి పిలిచారు. అక్కడి నల్లజాతి నాయకులు రిచర్డ్ అలెన్, అబ్సలోమ్ జోన్స్ ముందుండి నడిపించగా వాళ్లు రోగులను చూసుకున్నారు, శవాలను పూడ్చారు. ఆ మాట అబద్ధమైంది, వాళ్లలో రెండు వందల మందికి పైగా చనిపోయారు. పైగా డబ్బు గుంజారని నింద! దానికి ఆ ఇద్దరూ 1794లో చిన్న పుస్తకం అచ్చువేసి జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. మన కాలానికి వస్తే, 2020లో కేంద్రం ప్రకటించిన 50 లక్షల బీమాలో ఆశా కార్యకర్తలు, ప్రభుత్వం పనిలోకి తీసుకున్న వాలంటీర్లు ఉన్నారు. తమంతట తాము వచ్చి శవాలు మోసిన కుర్రాళ్లు లేరు. ఇది న్యాయం కాదు.

జబ్బు లేని రోజుల్లోనే నగరపాలక సంస్థలు వార్డులవారీగా పేర్లు రాసుకోవాలి. ఎవరికి బైక్ ఉంది, ఎవరు నర్సింగ్ చదివారు, ఎవరు ఇంటి నుంచి ఫోన్లు మాత్రమే చేయగలరు అన్నది తెలిసి ఉండాలి. శిక్షణ జబ్బును బట్టి ఇవ్వాలి. కలరా గంటల్లో ప్రాణం తీయగలదు. అయినా ఓఆర్‌ఎస్ వేళకు తాగిస్తే చాలామంది బతుకుతారు. ఆ పొడిని ఎన్ని నీళ్లలో కలపాలో, రోగిని సెలైన్ ఎక్కించడానికి ఎప్పుడు తరలించాలో వాలంటీరుకు ముందే తెలియాలి. డెంగీ అయితే ఇళ్ల చుట్టూ నిలవ నీరు పారబోయించే పని. మనిషి నుంచి మనిషికి అంటే జబ్బుల్లో మాస్కు, గ్లవ్స్ తొడుక్కోవడం కంటే విప్పడం జాగ్రత్తగా నేర్పాలి. వాటి మీది క్రిములు చేతికి అంటేది ఎక్కువగా అప్పుడే.

పేరు నమోదైన రోజు నుంచే బీమా వర్తించాలి. వచ్చే బడ్జెట్‌లో దీనికోసం విడిగా ఒక పద్దు పెట్టాలని మేయర్లను, కమిషనర్లను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక వాలంటీరు