ఆసు పోసిన ఆ పెద్దమ్మకు

చీరల దుకాణం పెట్టిన కొత్తలో భూదాన్ పోచంపల్లి వెళ్లి, ఒక నేత ఇంటి అరుగు మీద కూర్చుని ధర తగ్గించమని గంటసేపు పేచీ పెట్టాను. బేరమాడటమే వ్యాపారమనుకున్న రోజులు! లోపల ఆసు పోస్తున్న, అంటే నేతకు ముందు దారాన్ని చుట్టి సిద్ధం చేస్తున్న పెద్దమ్మ విసుక్కోలేదు. "ఇలా వచ్చి కూర్చో నాయనా, కాసేపు ఈ దారం నువ్వు తిప్పు" అన్నారు. వరుసగా నాటిన మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పుతుంటే పది నిమిషాలకే భుజం పట్టేసింది. ఒక్క చీరకు ఇలా వేలసార్లు చెయ్యి ఆడించాలి. ముడులు కట్టి రంగులద్దడం, నేయడం ఇంకా ఆ తర్వాతే.

తల్లి పడే ఈ భుజం నొప్పి చూడలేకే చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేశారనీ, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చిందనీ అంతకుముందే చదివాను. చదివి మరిచిపోయాను కూడా. ఆ రోజు నా భుజం గుర్తుచేసింది.

చెప్పిన ధరే ఇచ్చి వచ్చాను. ఇప్పుడు నా దుకాణంలో చీర మడత విప్పే ముందు ఆసు సంగతి చెబుతాను. విన్నవాళ్లు బేరం మానేస్తారని కాదు, కొంచెం మెత్తగా ఆడతారు.

అమ్మా, మీ పేరైనా అడగలేదు. నేర్పిన పాఠానికీ, వచ్చేటప్పుడు ఇచ్చిన చల్లటి మజ్జిగకూ ఆలస్యంగా నా కృతజ్ఞతలు.