ముందు బ్లాక్ పట్టు, ప్యారీ సంగతి తర్వాత

ఒరేయ్ మావా,

ఫర్ ఆనర్ అనే కత్తియుద్ధం వీడియో గేమ్‌లో డ్యూయల్‌కి, అంటే ఒకడితో ఒకడు తలపడే పోటీకి, దిగితే వరసగా మూడు రౌండ్లూ పోగొట్టుకుని బయటికొస్తున్నానని రాశావు. ప్యారీ, అంటే వచ్చే దెబ్బని సరిగ్గా వేళకి తిప్పికొట్టే ఎత్తు, దాని టైమింగ్ చెప్పమన్నావు. చెప్తాను గానీ నీ అసలు జబ్బు టైమింగ్ కాదురా. కనబడ్డ ప్రతి దెబ్బనీ ప్యారీ చెయ్యాలనుకోవడమే నీ జబ్బు. ఓ వారం పాటు ప్యారీకి నొక్కే R2 బటన్ మీద నుంచి వేలు తీసి, ఉత్త బ్లాక్‌తోనే, అంటే గార్డ్ అడ్డం పెట్టి దెబ్బని ఆపడంతోనే, ఆడి చూడు.

పైన, ఎడమ, కుడి అని గార్డ్‌కి మూడే దిక్కులని నీకు తెలిసిందే. అవతలివాడు కొట్టబోయే దిక్కు ఎర్రగా వెలుగుతుంది. ఆ గుర్తు నీ వైపు నుంచి చూపించేదే కాబట్టి అది ఎడమన కనబడితే నువ్వూ కంట్రోలర్ స్టిక్‌ని ఎడమకే తొయ్యాలి, అద్దంలో చూసినట్టు తిప్పి ఆలోచించకు. ఒక్కసారి తోసి వదిలెయ్, నీ హీరో వార్డెన్‌కి గార్డ్ అక్కడే నిలుస్తుంది. స్టిక్‌ని మజ్జిగ చిలికినట్టు తిప్పావనుకో, గార్డ్ మారడానికి పట్టే ఆ కాస్త సమయం ప్రతిసారీ దండగే.

ఆ కాస్త ఎంతో లెక్క వేసుకుందాం. మామూలు లైట్ దెబ్బ (చిన్న, వేగమైన దెబ్బ) 500 మిల్లీసెకన్లలో తగులుతుంది. కంటికి కనబడి వేలు కదలడానికి ఎవరికైనా 200 నుంచి 250 పోతాయి. గార్డ్ మారడానికి ఇంకో 100. టీవీ ఆలస్యం, పింగ్ (నెట్ ఆలస్యం) కలిపి 50 అనుకో. ఇక మిగిలేది వందో, వందా యాభయ్యో. పాత కన్సోల్ మీద సెకనుకి 30 ఫ్రేములే, అంటే ఒక్కో ఫ్రేమ్‌కి 33 మిల్లీసెకన్లు, అందులోనూ కొంత తినేస్తుంది. అందుకే టీవీని గేమ్ మోడ్‌లో పెట్టు, వైఫై మానేసి కేబుల్ తగిలించు. ఇది చెయ్యకుండా రిఫ్లెక్స్ లేదని ఏడవకు.

ఇంత ఇరుకు లెక్కలో గార్డ్‌ని ఊరికే ఎక్కడ ఉంచుతున్నావన్నది చాలా పెద్ద విషయం. అది ముందే ఉన్న దిక్కుకి నువ్వు అసలు స్పందించక్కర్లేదు, దెబ్బ దానంతటదే ఆగుతుంది. కాబట్టి మొదటి రౌండ్‌ని గెలవడానికి కాదు, చూడ్డానికి వాడుకో. వాడు కంగారు పడ్డప్పుడు ఏ వైపు లైట్ విసురుతున్నాడు? డాడ్జ్ చేస్తూ (తప్పుకుంటూ) కొట్టేవాడైతే ఎటు దూకుతున్నాడు? చాలామంది చెయ్యి ఒకే వైపుకి అలవాటు పడిపోయి ఉంటుంది. రెండో రౌండ్‌లో గార్డ్‌ని ఆ వైపే నిలిపి, మిగతా రెండిటికి మాత్రం కళ్ళు పెట్టు. ఇంతకంటే తేలికైన లాభం ఈ ఆటలో లేదు, అయినా ఎవడూ చెయ్యడు.

బ్లాక్ అయ్యాక ఏం జరుగుతుందో కూడా చూసుకోవాలి. లైట్‌ని ఆపితే మామూలుగా వాడి కాంబో (వరస దెబ్బల గొలుసు) అక్కడే తెగుతుంది, వంతు నీది. హెవీని, అంటే బరువైన దెబ్బని, ఆపితే తెగదు, పైగా నీకు గోరంత ప్రాణం కూడా పోతుంది. హెవీ ఆపాను కదా అని వెంటనే కొట్టబోయావా, రెండో దెబ్బ నీ మొహం మీదే. ఆపు, ఇంకోటి ఆపు, వాడి గొలుసు ముగిశాక కొట్టు. ప్రతి దెబ్బకీ వాడి స్టామినా (ఓపిక) ఖర్చవుతుంది, బ్లాక్‌కి నీది ఖర్చవదు. స్టామినా అయిపోయినవాడి దెబ్బలు నీరసంగా వస్తాయి, గార్డ్ బ్రేక్ (బ్లాక్‌ని విప్పే పట్టు) పట్టి విసిరితే నేల మీద పడతాడు. నువ్వు ఎదురు చూడాల్సింది ఆ క్షణం కోసమే.

ఇప్పుడు ప్యారీ. దెబ్బ తగలడానికి కాస్త ముందు, అదే దిక్కులో R2. నీకు జరుగుతున్నది ఇదీ: వాడు హెవీ ఎత్తుతాడు, నువ్వు ఆత్రంగా R2 నొక్కుతావు, వాడు సర్కిల్ బటన్ నొక్కి ఫెయింట్ చేస్తాడు, అంటే దెబ్బని మధ్యలోనే ఆపేస్తాడు. ప్యారీ చెయ్యడానికి దెబ్బే లేదు కాబట్టి నీ R2 కాస్తా ఉత్త హెవీగా బయటికొస్తుంది, దాన్ని వాడు తీరిగ్గా ప్యారీ చేస్తాడు. ఆత్రగాడికి బుద్ధి మట్టు అన్నది నీ గురించే! ఫెయింట్ చేసే అవకాశం దెబ్బ తగలడానికి ముందే మూసుకుపోతుంది, అందుకే ప్యారీ ఎంత ఆలస్యంగా నొక్కితే అంత తక్కువ మోసపోతావు. ఒకవేళ మోసపోయి నీ హెవీ బయల్దేరితే, పౌరుషానికి పోకుండా నువ్వూ సర్కిల్ నొక్కి ఆపెయ్. చాలా హీరోలకి హెవీని ప్యారీ చేస్తే ఒక లైట్ గ్యారంటీ, లైట్‌ని ప్యారీ చేస్తే హెవీ గ్యారంటీ. లైట్ ప్యారీ ఊరిస్తుంది, నిజమే, కానీ ఊహించి కొట్టే జూదం అది. ఫెయింట్ అలవాటు లేనివాడి హెవీలు, స్టామినా అయిపోయినవాడి దెబ్బలు, ప్రస్తుతానికి ఈ రెండే నీ ప్యారీ సరుకు.

బ్లాక్ పట్టుకు కూర్చున్నవాణ్ణి విప్పడానికే గార్డ్ బ్రేక్ ఉంది. దానికి విరుగుడు స్క్వేర్ బటన్, కానీ వాడు చెయ్యి చాచగానే కాదు, పట్టు నీ మీద పడ్డాక. ముందే నొక్కితే నీ సొంత గార్డ్ బ్రేక్ బయల్దేరుతుంది, వాడిది గెలుస్తుంది. టపటపా పదిసార్లు నొక్కినా అంతే, ఒక్కటే, సరిగ్గా. నువ్వు దెబ్బ ఎత్తుతున్నప్పుడో డాడ్జ్ చేస్తున్నప్పుడో పట్టుబడితే విడిపించుకోలేవు. బ్లాక్‌లో నిలబడి ఉన్నవాడికి గార్డ్ బ్రేక్ భయం సగమే అనడం ఇందుకే. ఇంకోటి, వీపు వెనక గోడో లోయో ఉంచుకోకు. రౌండ్ మొదలవగానే రెండడుగులు పక్కకి జరిగి మధ్యలోకి రా. లోయలోకి విసిరితే ఎంత బ్లాక్ వచ్చినా లాభం లేదు.

వాడు కొట్టబోతూ నారింజ రంగు మెరిస్తే రెండు రకాలు. దిక్కు గుర్తుతో పాటు మెరిస్తే అది అన్‌బ్లాకబుల్, బ్లాక్ ఆపలేదు కానీ ప్యారీ ఆపుతుంది. దిక్కు లేకుండా మెరిస్తే బాష్ (భుజంతోనో డాలుతోనో గుద్దడం), దానికి డాడ్జ్ ఒక్కటే. మెరవగానే దూకకు. వాడు బాష్ మధ్యలో ఆపేసి గార్డ్ బ్రేక్ వేస్తే గాల్లోనే దొరికిపోతావు. నీ వార్డెన్ షోల్డర్ బాష్‌తో నువ్వు అందరికీ పెట్టే బాధే ఇది, అవతలి వైపు నుంచి గుర్తుపట్టు.

బ్లాక్ ప్రయర్ లాంటి హీరోలు డాలు ఎత్తి కూర్చుంటే దాని మీద కొట్టకు. ఉత్తుత్తి హెవీ ఎత్తి ఫెయింట్ చేసి గార్డ్ బ్రేక్ వెయ్.

సాధన ట్రైనింగ్ అరీనాలో. బాట్‌కి (కంప్యూటర్ ఆడే ప్రత్యర్థికి) మూడు దిక్కుల లైట్లు మాత్రమే పెట్టి, పది నిమిషాలు బ్లాక్ తప్ప ఏమీ చెయ్యకు. పదిలో ఎనిమిది ఆగేవరకూ ముందుకు పోకు. తర్వాత లైట్లూ హెవీలూ కలిపి పెట్టు. తర్వాత గార్డ్ బ్రేక్ ఒక్కటే, వరసగా ఇరవై విడిపించుకో. విసుగే, ఒప్పుకుంటాను. చివరికి ఫెయింట్లు కలిపి, అప్పుడు R2 మీద వేలు పెట్టు.

వచ్చే ఉత్తరంలో నీకు ఏ హీరో దగ్గర ఎక్కువ తగులుతున్నాయో, అందులో ఏ వైపువి ఎక్కువో లెక్కపెట్టి రాయి. ఒరోచీ అయితే మాత్రం తిట్లు తగ్గించి, వివరాలు ఎక్కువ రాయి.

నీ మావ