కార్డుల కొత్త రేట్లు, ఈ ఏడాది ఆర్డర్లు: కొంచెం వివరంగా

అందరికీ నమస్కారం. నేను చేత్తో చేసిన ఉగాది గ్రీటింగ్ కార్డులు అందగానే ఫొటోలు తీసి పంపినవాళ్లందరికీ ముందుగా థ్యాంక్స్. ఇప్పుడు రాస్తున్నది డబ్బుల సంగతి కాబట్టి నాన్చకుండా మొదటే చెప్పేస్తాను.

మే 1 నుంచి మడత కార్డు ధర 80 నుంచి 100 రూపాయలవుతుంది. తెరవగానే బొమ్మ లేచి నిలబడే కార్డు 180 నుంచి 220. ప్రేమికుల రోజుకీ, ఫ్రెండ్‌షిప్ డేకీ ఇక కార్డులు చెయ్యను. చదివింపుల కవర్ల రేటు మాత్రం పాతదే. కారణాలు కింద రాశాను. తీరిక లేనివాళ్లు ఇక్కడితో ఆపేసినా ఏమీ అనుకోను.

మా పని గురించి బయటివాళ్లకి పెద్దగా తెలియని విషయం ఒకటుంది. అందరూ నన్ను గ్రీటింగ్ కార్డులు చేసే ఆవిడ అంటారు గానీ, విజయనగరంలో ఈ చిన్న వ్యాపారాన్ని ఇన్నాళ్లు నడిపించింది కార్డు కాదు, చదివింపుల కవరు. పెళ్లికి వెళ్తూ 516, 1116 పెట్టి చేతికిస్తామే, అదే. పైన రూపాయి బిళ్ల అతికించి, పక్కన చిన్న మామిడాకుల తోరణం కత్తిరించి పెడితే చాలు. పది కవర్లు ఒక కట్ట. ఒకసారి కొన్నవాళ్లు ఏడాది పొడుగునా పెళ్లిళ్లకీ, గృహప్రవేశాలకీ, ఓణీల ఫంక్షన్లకీ వాడుకుంటారు. బేరం ఆడరు, తేదీ అడగరు. అదే కార్డయితే కూర్చుని ఒక్కొక్కటీ చెయ్యాలి, లోపల మీరు చెప్పిన మాటలు చేత్తో రాయాలి, రాసేటప్పుడు సిరా అలుక్కుపోతే మళ్లీ మొదటికి. కవర్ల మీద వచ్చిన డబ్బే ఇన్నాళ్లూ కార్డుల నష్టాన్ని మోసింది.

ఈ ఏడాది ఆ లెక్క తప్పింది. మాఘమాసం అంతా మూఢంలో పోయింది, పెళ్లిళ్లే లేవు. సరే, వేసవి ముహూర్తాలకి సర్దుకుంటుందిలే అనుకుంటే మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం. నిజ జ్యేష్ఠం ఒక్క నెల దొరుకుతుంది, వెంటనే ఆషాఢం. మళ్లీ శ్రావణం వచ్చేసరికి ఆగస్టు సగం అవుతుంది. మన ఊళ్లో ఫంక్షన్ హాలువాళ్లు, పూలవాళ్లు, బ్యాండువాళ్లు అందరూ ఇదే తిథుల లెక్క వేసుకుని కూర్చున్నారు, నేనూ అంతే. కవర్లు లేని నెలల్లో కార్డు తన ఖర్చు తాను సంపాదించుకోవాలి. రేటు పెంచడానికి అసలు కారణం ఇది.

మరి 80లో ఏం మిగులుతోందని అడగొచ్చు. అట్ట 12 రూపాయలు. లోపలి కాగితం 3, కవరు 6, టేపూ రంగులూ కలిపి 7, పైన ప్లాస్టిక్ తొడుగు 2, నలగకుండా పెట్టే గట్టి అట్ట 5. ఇవి 35. నాకు సాయం చేసే అమ్మాయిలిద్దరికీ కలిపి కార్డుకి 20 ఇస్తున్నాను. మొత్తం 55. మిగిలిన 25లోనే పాడైపోయిన కాగితాలూ, ఫోను బిల్లూ, నా కూలీ. ఇప్పుడు అట్ట 15 అయింది. అమ్మాయిలకి 30 చేశాను, అది ఎప్పుడో చెయ్యాల్సింది. అంటే 68 ఖర్చు, 32 మిగులు. మీ దగ్గర పెంచిన 20లో నా దాకా వచ్చేది 7 రూపాయలు.

సంక్రాంతి ముందు గంటస్తంభం దగ్గర చిన్న బల్ల వేసుకుని అమ్ముతుంటే ఒక పెద్దాయన కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, "కాయితం ముక్కకి ఇంతేటమ్మా?" అన్నారు. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని. ఆయనకి అక్కడే ఒక కాగితం మడిచి చూపించాను. మీకూ చెప్తాను.

మేము వాడేది 300 జీఎస్ఎం అట్ట, అంటే చదరపు మీటరుకి 300 గ్రాములు తూగేది. ఇంత మందం అట్టకి ఒక దిశ ఉంటుంది, లోపలి నార ఎటు వైపు పడుకుంటే అటు. చేతుల్లోకి తీసుకుని మెల్లగా వంచి చూస్తే ఒకవైపు సులువుగా వంగుతుంది, రెండోవైపు బిగుసుకుంటుంది. సులువుగా వంగిన వైపే మడత రావాలి. అడ్డంగా మడిస్తే మడత మీద రంగు పగిలి తెల్లటి గీత పడుతుంది. ముదురు ఎరుపులో, ముదురు ఆకుపచ్చలో అది మరీ కనబడుతుంది. దిశ సరిగ్గా చూసుకున్నా నేరుగా మడవకూడదు. ముందు స్కేలు పెట్టి, సిరా అయిపోయిన బాల్‌పెన్ రిఫిల్‌తో గీత నొక్కాలి. కాగితం తెగకూడదు, గాడి మాత్రం పడాలి. ఆ గాడి వెంట మడిచి, చెంచా వీపుతో ఒకసారి రుద్దితే అంచు తిన్నగా నిలుస్తుంది. దుకాణంలో ఇరవై రూపాయలకి దొరికే కార్డుకి ఇదంతా మిషను చేసేస్తుంది. ఆయన అంతా చూసి ఒక కార్డు కొన్నారు. తగ్గించమని మాత్రం అడిగారు, అది వేరే సంగతి.

ఖర్చు పెరగడానికి ఇంకో కారణం మన గాలి. సముద్రం దగ్గరే కదా, వానాకాలంలో గాలిలో తేమకి అట్ట దానంతటదే వంకర తిరుగుతుంది. ఫెవికాల్‌లో నీళ్లుంటాయి కాబట్టి పెద్ద ముక్కకి పూస్తే కాగితం ఉబ్బి, ఆరాక అలలు అలలుగా నిలిచిపోతుంది. అందుకే జూన్ నుంచి పెద్ద ముక్కలన్నిటికీ డబుల్ సైడ్ టేపే వాడతాం, ఫెవికాల్ చిన్న చిన్న పూరేకులకి మాత్రమే. టేపు ఖరీదు ఎక్కువ. కాగితం రీములు డబ్బాల్లో తేమ పీల్చే సిలికా పొట్లాలు వేసి మూసి ఉంచుతాం. మీ దగ్గర కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చిన సిలికా పొట్లాలుంటే పారెయ్యకండి, నాకివ్వండి. నిజంగానే అడుగుతున్నాను.

పొందూరు ఖద్దరు ముక్కతో చేసే కార్డుకి మాత్రం టేపు పనికిరాదు. ఆ నేత ఎంత పలచనంటే లోపలి టేపు గీత పైకి కనిపిస్తుంది. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, చేత్తో వడికిన నూలు మరి. ఫెవికాల్ రాస్తే మరక పైకి తేలుతుంది. పలచటి మైదా జిగురు కాచి, అట్టకి పూసి, సగం ఆరాక గుడ్డ పరిచి, పైన బరువు పెట్టి రాత్రంతా ఉంచుతాం. చొక్కాలు కుట్టగా మిగిలిన ముక్కలు శ్రీకాకుళంలో ఒక దర్జీ గారు దాచి పెడతారు, అవి ఎప్పుడొస్తే అప్పుడే ఈ కార్డులు. అందుకే "పొందూరు కార్డు ఎప్పుడు?" అంటే తేదీ చెప్పలేను.

ఇక పండగల సంగతి. ఏడాది మొత్తంలో ఏది నడుస్తుందో ఏది నడవదో ఇప్పటికి బాగానే తెలిసింది. సంక్రాంతి నడుస్తుంది. తొంభైల్లో పండగ ముందు సైకిల్ స్టాండ్ల పక్కన తాళ్లకి వేలాడదీసి సినిమా హీరోల గ్రీటింగులు అమ్మేవారు గుర్తుందా, ఆ రోజులు చూసినవాళ్లే ఇప్పుడు నా దగ్గర ఎక్కువగా కొంటారు. హైదరాబాదులో, బెంగళూరులో ఉన్న పిల్లలు ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకి పంపుతారు అనుకునేదాన్ని. జరిగేది తలకిందులు: ఇక్కడున్న అమ్మలే పండక్కి రాలేని పిల్లలకి పంపుతారు. రథసప్తమికి అరసవల్లి సూర్యుడి కార్డు కొద్దిగా పోతుంది. ఉగాది పరవాలేదు. దీపావళి కంపెనీల ఆర్డర్ల వల్ల బాగుంటుంది, పైగా అవి ముందే డబ్బు కడతాయి. క్రిస్మస్ నమ్మకమైన పండగ. చర్చిలవాళ్లు నవంబరులోనే లెక్క చెప్పేస్తారు, మాట తప్పరు.

ప్రేమికుల రోజు ఎందుకు మానేశానంటే, ఆ ఆర్డర్లన్నీ ఫిబ్రవరి 12 రాత్రి పదకొండింటికి వస్తాయి. రేపటికల్లా కావాలంటారు. కొందరు 13 సాయంత్రం "అక్కా, ఇక వద్దులే" అని మెసేజ్ పెడతారు. పేర్లు రాసేసిన కార్డు ఇంకెవరికి అమ్మను? వాళ్ల బాధ వాళ్లది, నాకు అర్థమవుతుంది, కానీ అట్ట డబ్బులు నావి. ఫ్రెండ్‌షిప్ డేకి బ్యాండు కట్టుకుంటారు గానీ కార్డు ఎవరూ అడగట్లేదు.

టీచర్స్ డేకి నేను కార్డు చేసి అమ్మడం నాకే నచ్చదు. అది పిల్లలు చెయ్యాల్సిన పని. వంకరగా ఉన్నా టీచరు దాచుకునేది అదే. కాబట్టి మడత గీత నొక్కిన అట్ట, కవరు, కొన్ని రంగు కాగితాలు కలిపి 40 రూపాయల ప్యాకెట్టు ఇస్తాను. కత్తెర మీ ఇంట్లోదే వాడుకోండి.

సవర గిరిజనుల బొమ్మలతో కార్డు చెయ్యమని చాలామంది అడుగుతున్నారు. చెయ్యను. అవి సవరలు తమ ఇంటి గోడ మీద పూజకి వేసుకునే బొమ్మలు. సీతంపేట వైపు ఆ బొమ్మలు గుడ్డ మీద, కాగితం మీద వేసి అమ్మేవాళ్లే ఉన్నారు, వాళ్ల దగ్గర కొనండి. నేను నకలు తీస్తే వాళ్ల పొట్ట కొట్టినట్టు.

ఇప్పుడు నాకు ఇష్టమైన కార్డు దగ్గరికి వస్తాను. సిరిమాను కార్డు. మా విజయనగరం పైడితల్లమ్మ పండగలో పూజారి గారిని కొసన కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మానే సిరిమాను. ఆ పండగకి గ్రీటింగ్ ఏమిటని మొదట్లో మా అత్తగారే నవ్వారు. కానీ ఈ ఊరు వదిలి వెళ్లినవాళ్లు దసరా కంటే ఆ తర్వాత వచ్చే మంగళవారం గురించే ఎక్కువ బెంగపెట్టుకుంటారని వాళ్ల ఆర్డర్లు చూస్తే తెలిసింది. కార్డు తెరిస్తే ఒకవైపు అమ్మవారి చదురుగుడి, ఇంకోవైపు కోట, మధ్యలోంచి మాను లేస్తుంది. కొసన పూజారి గారు. ముందు తెల్ల ఏనుగు, పాలధార, అంజలి రథం, బెస్తవారి వల. వలకి ఉల్లిపాయల సంచీ ముక్క వాడతాం. మాను చుట్టూ చల్లిన పసుపు ముక్కలు ఏమిటని ఒకరు అడిగారు. అవి జనం విసిరే అరటిపళ్లు. అడిగినవారిది విజయనగరం కాదని అప్పుడే అర్థమైంది.

ఇందులో కష్టమంతా మానులోనే. దాని అడుగున రెండు చిన్న రెక్కలుంటాయి. కార్డు మధ్య మడతకి అటొకటి ఇటొకటి, రెండూ ఒకే కోణంలో అతకాలి. ఒకటి మిల్లీమీటరు జరిగినా మాను పక్కకి ఒరుగుతుంది, మూసేటప్పుడు నలుగుతుంది. కోణం ఎక్కువైతే మాను ముందుకి వాలిపోతుంది. పొడవు ఎక్కువైతే మూసిన కార్డులోంచి పూజారి గారి తల బయటికి వస్తుంది, అది అసలు బాగుండదు. మూస అట్ట పెట్టి, పెన్సిల్‌తో గుర్తులు వేసి, ఒక అమ్మాయి పట్టుకుంటే ఇంకో అమ్మాయి అతికిస్తుంది. 220 అన్నది ఇందుకే. దీనికి మాత్రం బేరం లేదు.

ఈ ఏడాది అధిక మాసం వల్ల పండగలన్నీ వెనక్కి జరిగాయి. పోయినేడు దసరా అక్టోబరు 2న అయిపోయింది, ఈసారి 20న. దీపావళి నవంబరు 8. నాకు వానల్లో చేసుకోవడానికి రెండు వారాలు ఎక్కువ దొరుకుతాయి, మంచిదే. కానీ అక్టోబరు, నవంబరు మనకి తుపాన్ల నెలలు. హుద్‌హుద్ 2014లో అక్టోబరు 12న వచ్చింది, తిత్లీ 2018లో అక్టోబరు 11న. అలాంటిది వస్తే కరెంటు ఉండదు, పోస్టు కదలదు. అందుకని దూరం వెళ్లాల్సినవి సెప్టెంబరు నెలాఖరుకే పంపించేస్తాను. కార్డు పండక్కి మరీ ముందే అందిందని ఫోను చెయ్యకండి, అలమరాలో పెట్టుకోండి.

పోస్టు గురించి ఇంకో మాట. "రిజిస్టర్ చేసి పంపండి" అని ఇప్పటికీ అడుగుతున్నారు. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. ఇప్పుడున్నవి మామూలు పోస్టు, స్పీడ్ పోస్టు. మామూలు పోస్టులో పంపితే ఎక్కడుందో చూపించడం నా వల్ల కాదు. బొమ్మ లేచే కార్డులు స్పీడ్ పోస్టులోనే పంపుతాను, ఆ ఖర్చు వేరుగా. ఒక కొరియరు ద్వారా పంపినప్పుడు గట్టి అట్ట పెట్టినా మధ్యకి మడిచి గేటులో దోపి వెళ్లారు, అప్పటి నుంచి కొరియరు మానేశాం. అమెరికాకి పోయినేడు ఆగస్టు నెలాఖరులో తపాలా ఆగిపోయి, అక్టోబరు మధ్యలో మళ్లీ మొదలైంది. ఆ మధ్యలో దసరా కార్డులు ఇక్కడే ఉండిపోయి, మనందరికీ ఎంత టెన్షనో తెలుసు కదా. ఈసారి అమెరికా ఆర్డర్లు ఆగస్టు 15 లోపు ఇచ్చేయండి.

ఆర్డరు ఇచ్చేటప్పుడు సగం డబ్బు ముందు కట్టాలి. లోపల రాయాల్సిన మాటలు అప్పుడే పంపాలి. రాయడం మొదలెట్టాక మార్చడం కుదరదు. పేర్లు తెలుగులోనే టైపు చేసి పంపండి. ఇంగ్లీషు అక్షరాల్లో పంపితే 'లక్ష్మీ'కి దీర్ఘం ఉందో లేదో నేను ఊహించాల్సి వస్తోంది. ఏం రాయాలో తోచకపోతే నన్ను రాయమంటున్నారు, రాస్తాను, కానీ మీ నాన్నగారికి మీరు రాసే రెండు ముక్కలు నేను రాసే పది వాక్యాల కంటే మేలు. అక్షరదోషాలుంటే నేను దిద్దుతాను.

అమెరికావి కాక మిగతా సిరిమాను కార్డులకి ఆర్డర్లు వినాయక చవితి నాడు, అంటే సెప్టెంబరు 14న మొదలవుతాయి. మేము ముగ్గురం చెయ్యగలిగినన్ని అయిపోగానే ఆపేస్తాను. ఏప్రిల్ 30 లోపు డబ్బు కట్టినవాళ్లకి కార్డు ఎప్పుడు తీసుకున్నా పాత రేటే. ఇంటికొచ్చి తీసుకునేవాళ్లు సాయంత్రం నాలుగు తర్వాత రండి, మధ్యాహ్నం జిగురు ఆరేదాకా ఫ్యాను వెయ్యం, మీరు ఆ ఉక్కలో కూర్చోలేరు.