కషాయం సంగతి తర్వాత, ముందు రక్తం చూపించండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. వానాకాలం జ్వరాలకు కొండ మూలికలు బాగా పనిచేస్తాయంటూ మొన్న మీ పత్రికలో వచ్చిన వార్త చదివాక ఈ నాలుగు ముక్కలు రాయాలనిపించింది. రిటైరయ్యేదాకా బోటనీ చెప్పినవాణ్ని. మొక్కల మీద నాకు చిన్నచూపు లేదు.

మా మేనల్లుడు పాడేరు వైపు రోడ్డు పనికి వెళ్లి వచ్చాడు. వచ్చిన కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం చలి మొదలైంది. మూడు దుప్పట్లు కప్పినా మంచం గడగడలాడింది. తర్వాత పెనంలా కాలిన ఒళ్లు, ఆ తర్వాత చెమటలు. సాయంత్రానికి లేచి కూర్చుని పెరుగన్నం అడిగాడు. మా అక్క అప్పటికే నేలవేము మరిగించి తాగించింది. మర్నాడు జ్వరం లేదు. "కషాయం పట్టింది మామా" అన్నాడు నాతో. ఆ మర్నాడు సరిగ్గా అదే వేళకు మళ్లీ చలి. ఇలా ఎనిమిది రోజులు గడిచాక ఆశా కార్యకర్త వచ్చి వేలు గుచ్చి, మలేరియా పరీక్ష కిట్టు మీద ఒక చుక్క రక్తం వేసింది. పావుగంటలో తేలింది, వైవాక్స్ రకం మలేరియా అని.

ఆ జ్వరం నడకే అంత. దాదాపు 48 గంటలకోసారి క్రిములు ఎర్రకణాలను పగలగొట్టుకుని బయటికొస్తాయి, అప్పుడే చలి. మధ్యరోజు మంచినీళ్లు తాగినా జ్వరం ఉండదు, పేరు మాత్రం కషాయానికి పోతుంది. అదే ఇంకా ప్రమాదకరమైన ఫాల్సిపారం రకం అయ్యుంటే మెదడుకెక్కే ముప్పుండేది, మాకు ఎనిమిది రోజుల గడువు దొరికేదో లేదో.

మొక్కల్లో మలేరియా మందు లేదని కాదు. సింకోనా బెరడు నుంచి 1820లో క్వినైన్ తీశారు. చైనా శాస్త్రవేత్త తూ యూయూ కథ ఇంకా ముచ్చటైనది. పదహారు వందల ఏళ్ల నాటి వైద్య గ్రంథంలో ఒక మొక్కను నీళ్లలో నానబెట్టి, పిండి తాగమని ఉంది. మరిగించమని లేదు. వేడికి మందు చెడుతోందేమోనని ఆమెకు అనుమానం వచ్చి, తక్కువ వేడిలో ఈథర్‌తో సారం తీసింది. అదే మలేరియా మందు ఆర్టెమిసినిన్, 2015లో ఆమెకు నోబెల్ తెచ్చింది. మనమేమో నాలుగు గ్లాసులు ఒక గ్లాసయ్యేదాకా మరిగిస్తాం! వినాయక చవితికి కొనే మాచిపత్రి ఆ మొక్కకు చుట్టమే, కానీ మందు తీసేది దాన్నుంచి కాదు. అసలు మొక్క ఆకునే టీలా కాచుకుని తాగొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మోతాదు చాలక, క్రిమి మందుకు అలవాటు పడుతుందని దాని భయం.

మన దేశంలోనూ ప్రయత్నాలు జరిగాయి. ఏడాకులపాల చెట్టు బెరడు, గచ్చకాయ వగైరాలతో చేసిన ఆయుర్వేద మాత్ర ఆయుష్-64 పుట్టిందే మలేరియా కోసం. మలేరియా మందు క్లోరోక్విన్‌తో పోల్చి చూసినప్పుడు వెనకబడింది. అలా పోల్చి చూసి, వెనకబడిందని పైకి చెప్పడమే నాకు నచ్చింది. నేలవేము చేదు పరీక్షనాళికలో మలేరియా క్రిమిని అణిచింది, నిజమే. పరీక్షనాళికకు కాలేయం ఉండదు. వైవాక్స్ దాక్కుని, నెలల తర్వాత తిరిగొచ్చేది కాలేయం నుంచే. అందుకే మా వాడికి, అక్కడ దాక్కున్న క్రిమిని చంపే ప్రిమాక్విన్ మాత్రలు పద్నాలుగు రోజులకు ఇచ్చారు.

శేషాచలం కొండల కింద ఆయుర్వేద కళాశాల, విశ్వవిద్యాలయం, పెద్దాసుపత్రి ఒకే ఊళ్లో ఉన్నాయి. యానాది తెగ పెద్దలు జ్వరానికి వాడే మొక్కలను వాళ్లనే అడిగి తెలుసుకుని, ఈ మూడు సంస్థలూ కలిసి పరీక్షించి, ఫలించనివీ ప్రకటించొచ్చు. అది ఏళ్ల పని. ఈ వానాకాలంలోనే చేయగలిగింది ఒకటుంది. జ్వరాలకని కషాయం పంచే ప్రతి శిబిరంలో, ఆ గంగాళం పక్కనే ఒక కుర్చీ వేసి, మలేరియా కిట్లతో ఒక ఆరోగ్య కార్యకర్తను కూర్చోబెట్టాలి. వేలు గుచ్చాకే గ్లాసు చేతికివ్వాలి. జిల్లా మలేరియా అధికారులు ఈ మాట ఆలోచించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బోటనీ లెక్చరర్,
తిరుపతి