పదేపదే అడుగుతున్నారంటూ తిరస్కరించడం తగదు

సంపాదకుల వారికి,

పర్యావరణ సమాచారం కోసం పౌరులు పెట్టుకునే దరఖాస్తులను, గతంలో కోరిన సమాచారాన్నే మళ్లీ కోరుతున్నారన్న ఒక్క కారణం చూపి అధికారులు తిరస్కరించే పద్ధతి గురించి ఈ లేఖ రాస్తున్నాను. వేరే విషయాల్లో ఏమో గానీ, నీరు, గాలి విషయంలో ఆ కారణం నిలవదని నా నమ్మకం. వాగులో కలిసే మురుగునీటి పరీక్ష ఫలితాలను జనవరిలో అడిగిన మనిషి ఏప్రిల్‌లో మళ్లీ అడిగితే, దరఖాస్తులోని వాక్యం అక్షరం పొల్లుపోకుండా అదే కావచ్చు. అడిగిన నీరు మాత్రం అది కాదు.

ఇది నాకు స్వయంగా ఎదురైన సంగతి. శుద్ధి చేశామని చెప్పి ఒక వాగులోకి వదులుతున్న నీటి పరీక్ష ఫలితాలను మూడు నెలలకోసారి కోరుతూ వచ్చాను. మొదటి జవాబులో నెలవారీ సగటులు మాత్రమే ఉన్నాయి. నమూనా ఏ తేదీన, ఏ వేళకు తీశారో ఎక్కడా లేదు. ఈ వివరం లేకపోతే మిగతా అంకెలకు అర్థం చెప్పడం కష్టం. నీటిలో కరిగి ఉండే ఆక్సిజన్, ఎండ ఉన్నంతసేపు నాచు, నీటి మొక్కలు విడుదల చేసేదానితో పెరుగుతుంది. చీకటి పడ్డాక మొక్కలు, చేపలు, సూక్ష్మజీవులు అన్నీ వాడుకోవడమే తప్ప కొత్తగా చేరేది తక్కువ కాబట్టి, తెల్లవారుజాముకు బాగా పడిపోతుంది. చేపలు నీటి పైకి వచ్చి నోరు తెరిచి గాలి కోసం తంటాలు పడేది ఆ వేళలోనే. మధ్యాహ్నం రెండు గంటలకు సీసా ముంచి తెచ్చిన నమూనాలో ఆ కష్టం కనిపించదు. అందుకే వేళ కావాలని రెండోసారి రాశాను. తాము కోరిన సమాచారం ఇదివరకే అందజేయడమైనదని రెండు వరుసల జవాబు వచ్చింది. మూడోసారి వచ్చిన జవాబు నీటి గురించి కాదు, నా గురించి. పదేపదే దరఖాస్తులు పెట్టి కార్యాలయం సమయం వృథా చేస్తున్నానని అందులో రాశారు. అడిగినదానికి సగం జవాబిచ్చి, మిగతా సగం అడిగినందుకు తప్పుపట్టడం నన్ను ఎంతో బాధించింది.

చట్టాలు చూస్తే, ఈ తిరస్కరణలకు ఉందనుకునే బలం నిజానికి లేదు. పర్యావరణంపై ప్రపంచ దేశాలు 1992లో చేసిన రియో ప్రకటనలోని పదో సూత్రం, ప్రభుత్వ సంస్థల దగ్గరున్న పర్యావరణ సమాచారం ప్రతి వ్యక్తికీ తగిన రీతిలో అందాలని చెప్పింది. 1998లో డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో పర్యావరణ సమాచారం విషయమై కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం, ఎందుకు అడుగుతున్నారో చెప్పనక్కరలేదని, నెలలోగా, మరీ విస్తారమైనదైతే రెండు నెలల్లోగా ఇవ్వాలని నిర్దేశించింది. స్పష్టంగా అసమంజసమైన దరఖాస్తును తిరస్కరించవచ్చన్న మినహాయింపు అందులో ఉన్నమాట నిజమే. కానీ ఆ ఒప్పందాన్ని అమలు చేసే 2003 నాటి ఐరోపా సమాఖ్య ఆదేశం, మినహాయింపులన్నింటినీ సంకుచితంగానే అన్వయించాలని, ప్రతిసారీ ప్రజాప్రయోజనాన్ని తూచి చూడాలని చెబుతుంది. బ్రిటన్‌లో మరో ముఖ్యమైన తేడా ఉంది. అక్కడి 2000 నాటి సమాచార స్వేచ్ఛా చట్టంలో, తగినంత వ్యవధి గడవకుండా మళ్లీ అదే అడిగితే తిరస్కరించవచ్చన్న నిబంధన ఉంది. 2004లో వచ్చిన పర్యావరణ సమాచార నిబంధనల్లో అటువంటిది లేదు.

మన 2005 నాటి సమాచార హక్కు చట్టంలోనూ పునరావృతం అన్న కారణంతో తిరస్కరించే సెక్షన్ లేదు. తరచుగా ఉటంకించే 7(9) సమాచారాన్ని ఏ రూపంలో ఇవ్వాలన్నదానికి సంబంధించిందే గాని, ఇవ్వకుండా ఉండడానికి కాదు. ప్రభుత్వ సిబ్బందిలో 75 శాతం మంది తమ సమయంలో 75 శాతం సమాచార సేకరణకే వెచ్చించే పరిస్థితి రాకూడదని సుప్రీంకోర్టు 2011లో అన్న మాటను కూడా అధికారులు చూపిస్తుంటారు. ఆ మాట అన్నది పారదర్శకతతో సంబంధం లేని, విచక్షణారహితమైన దరఖాస్తుల గురించి. ఒక వాగు నీటి లెక్క ఆ కోవలోకి ఎలా వస్తుంది?

సిబ్బందిపై భారం ఉందని నేను ఒప్పుకుంటాను. ఒకే గుమాస్తా పదిమంది పని చేసే చోట్లు ఉన్నాయి. కక్షతో దూషణలు నింపి రాసేవారూ లేకపోలేదు, అలాంటి దరఖాస్తులపై అధికారులకు తగిన రక్షణ ఉండాల్సిందే. అయితే భారం తగ్గే దారి చట్టంలోనే ఉంది. ప్రజలు దరఖాస్తు పెట్టుకునే అవసరమే అరుదుగా వచ్చేలా సమాచారాన్ని తమంతట తామే వెల్లడిస్తూ ఉండాలని సెక్షన్ 4(2) చెబుతోంది. 1984 డిసెంబరులో భోపాల్ దుర్ఘటన జరిగిన తర్వాత, అమెరికా 1986లో చేసిన చట్టం ప్రకారం అక్కడి పరిశ్రమలు నిర్దేశిత విష రసాయనాలను గాలిలోకి, నీటిలోకి, నేలలోకి ఎంతెంత వదిలాయో ఏటా ప్రకటించాలి. ఏటేటా అదే పట్టిక, అవే గడులు. అది పునరుక్తి అని ఆ చట్టం అనుకోలేదు, ఆ గడుల్లోని అంకెలు ఏటా మారతాయి కాబట్టే మళ్లీ మళ్లీ నింపమంది.

కనుక సంబంధిత అధికారులకు నా విన్నపం ఇది. పునరావృతమని తిరస్కరించే ప్రతి జవాబులోనూ ఆ సమాచారాన్ని ఏ లేఖ ద్వారా, ఏ తేదీన ఇచ్చారో, అది ఏ నెల నుంచి ఏ నెల వరకు వర్తిస్తుందో రాయాలి. అడిగిన కాలం వేరైతే దాన్ని కొత్త దరఖాస్తుగానే స్వీకరించాలి. పరీక్ష ఫలితాలను నమూనా తీసిన చోటు, తేదీ, వేళతో సహా ప్రతి నెలా ప్రకటిస్తే నాబోటివాళ్లు దరఖాస్తు రాసే పనీ ఉండదు, వారికి జవాబు రాసే పనీ ఉండదు. అంతవరకు అడగక తప్పదు గనుక, గడచిన మూడు నెలల ఫలితాల కోసం నిన్ననే నాలుగో దరఖాస్తు పంపాను. నమూనా తీసిన వేళ ఈసారైనా రాయమని అందులో కోరాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు